సబ్‌స్టేషన్ డిజైన్: ఖర్చు పెరగకుండా, పని ఆగకుండా ఎలా చేయాలి?

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు చాలా చోట్ల పైన కాస్త మొరం, దాని కింద బండ. 33/11 కేవీ సబ్‌స్టేషన్ (33 వేల వోల్టులను 11 వేలకు తగ్గించేది) ఎస్టిమేట్ ఇక్కడ తప్పేది ఎక్కువగా నేల దగ్గరే. అందుకే డ్రాయింగ్ గీసేముందు స్థలంలో నిలబడి చూడాలి.

మొదట లోడు లెక్క. ఏడాది సగటు పనికిరాదు. యాసంగిలో బోర్లన్నీ నడిచే రోజుల ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయటికి వెళ్లే లైను) రీడింగులు లాగ్‌బుక్ నుంచి తీసుకోండి. 5 ఎంవీఏ (సామర్థ్యం కొలత) ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడుపై 11 కేవీ వైపు ఇచ్చేది సుమారు 262 ఆంపియర్లే; రీడింగుల మొత్తాన్ని దీనితో పోల్చి చూడండి. రెండో ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇప్పుడే జాగా వదిలేయండి.

తర్వాత నేల నిరోధకత పరీక్ష, అంటే నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో చూడటం. దీన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. నాలుగు కడ్డీలను ఒకే వరుసలో సమాన దూరంలో పాతి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. కడ్డీల మధ్య దూరం పెంచుతూ పోతే లోతులో ఏముందో అంచనా దొరుకుతుంది. వానలు పడ్డాక కొలిస్తే విలువ తక్కువగా వచ్చి మోసపోతాం. ఎండాకాలంలోనే కొలవాలి. బండ ఉందని ముందే తెలిస్తే ఎర్త్‌మ్యాట్‌ను (ఫాల్ట్ కరెంటును నేలలోకి పంపే, భూమిలో పాతిన లోహపు వలను) వెడల్పుగా పరిచి, ఎర్తింగ్ గుంతల్లో బెంటొనైట్ (తేమ నిలుపుకునే బంకమట్టి) నింపేలా డిజైన్ చేయవచ్చు. సగం పని అయ్యాక తెలిస్తే కంప్రెసర్ పెట్టి బండ పగలగొట్టాల్సిందే. యార్డులో కంకర పరచడం అందం కోసం కాదు. ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్ లాంటి లోపం) వచ్చినప్పుడు అక్కడ నిలబడ్డ మనిషికి షాక్ ముప్పు తగ్గించేది అదే. మన దగ్గర క్రషర్లకు కొదవ లేదు, ఇందులో పిసినారితనం వద్దు.

సింగిల్ లైన్ డయాగ్రామ్ (ఏ పరికరం దేనికి కలుస్తుందో ఒకే గీతతో చూపే పటం) మీద డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) ఇంజినీర్ల సంతకం అయ్యాకే మిగతా డ్రాయింగులు మొదలుపెట్టండి. ఆ తర్వాత ఎవరు మార్పు అడిగినా, దానికయ్యే ఖర్చు, పట్టే రోజులు రాసిచ్చి ఒప్పించుకోండి.

ట్రాన్స్‌ఫార్మర్ రావడానికి నెలలు పడుతుంది కాబట్టి ఆర్డర్ ముందే పెట్టాలి. తయారీదారు డ్రాయింగ్ ఆమోదం పొందకముందే పునాది కాంక్రీటు పోస్తే ట్రాన్స్‌ఫార్మర్ చక్రాల గేజ్ (చక్రాల మధ్య దూరం) కుదరక పగలగొట్టాల్సి రావచ్చు. కేబుల్ ట్రెంచులు, పునాదులు, ఎర్తింగ్ ఒకే షీటు మీద ఉంటే సివిల్ వాళ్లకూ ఎలక్ట్రికల్ వాళ్లకూ గొడవ ఉండదు.

పొదుపు చేయాలంటే కంట్రోల్ రూమ్ సైజులో, పాత ప్రామాణిక డ్రాయింగులు వాడుకోవడంలో చేయండి. బ్యాటరీ సెట్ జోలికి మాత్రం వెళ్లొద్దు. ఫాల్ట్ సమయంలో ఏసీ సప్లై పడిపోయినా బ్రేకర్‌ను (కరెంటు తెంచే స్విచ్చును) ట్రిప్ చేసేది ఆ బ్యాటరీ డీసీయే.