ఒక ప్యానెల్, ఒక ఫోను: తరగతిలో అందరు పిల్లలకూ పాఠం అందేలా చేయడం ఎలా?

మా తరగతికి ప్యానెల్ (గోడకు బిగించే పెద్ద టచ్ తెర) వచ్చిన మొదటి నెల నేను చేసిందల్లా, నల్లబల్ల మీద రాసేదాన్ని దాని మీద రాయడమే. పిల్లలు ముచ్చటపడ్డారు, నాకు చాక్‌పీసు దుమ్ము తప్పింది. అంతకు మించి మారిందేమీ లేదు. కళ్లు చికిలించి చూసే అమ్మాయి అలాగే చికిలిస్తూనే ఉంది. చెవికి మెషీను పెట్టుకున్న అబ్బాయి, నేను బోర్డు వైపు తిరిగినప్పుడల్లా పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూస్తూనే ఉన్నాడు. ఏడో తరగతికి వచ్చినా కూడబలుక్కుంటూ చదివే నలుగురు, ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడే ఒక అమ్మాయి ఎప్పటిలాగే తల దించుకుని కూర్చున్నారు.

ఆ తర్వాత రెండేళ్లలో కొన్ని పద్ధతులు పనికొచ్చాయి, కొన్ని తుస్సుమన్నాయి. పనికొచ్చినవే ఇక్కడ రాస్తున్నాను. వీటికి కావాల్సిన సామాను తక్కువే: ప్యానెల్, టీచరు ఫోను, రెండు జతల మామూలు ఇయర్‌ఫోన్లు, ఒక చిన్న బ్లూటూత్ స్పీకరు. ఉదాహరణకు సైన్సులో కిరణజన్య సంయోగక్రియ పాఠం తీసుకుందాం. ఆ పేరు వింటేనే సగం మందికి టెన్షన్ కాబట్టి మన పనికి అది బాగా సరిపోతుంది.

మొదటి అడుగు: ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకోండి

యాప్‌ల వేట తర్వాత. ముందు ఒక నోటుబుక్కు తీసుకుని వారం రోజులు పిల్లల్ని గమనించండి. పేరు పక్కన జబ్బు పేరు, లోపం పేరు రాయొద్దు. అది తేల్చాల్సింది డాక్టర్లు, మనం కాదు. "బోర్డు మీది ఎక్కించుకోవడంలో వరస తప్పుతోంది", "నోటితో చెబుతాడు, రాయమంటే ఆగుతాడు", "నేను ముఖం తిప్పితే అందుకోలేడు" అని కంటికి కనిపించిందే రాయండి. ఇలా రాసుకుంటే ఏ సాధనం కావాలో ఆ వాక్యమే చెబుతుంది. "డిస్లెక్సియా (చదవడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బంది) ఉందేమో" అని రాస్తే ఏమీ చెప్పదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చదవడం, రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు కూడా వాటిలో ఉన్నాయి. తొలి పరిశీలనకు ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ప్రశస్త్ యాప్‌లో ప్రశ్నల పట్టిక ఉంటుంది. అది మన అనుమానాన్ని ఒక పద్ధతిలో పెట్టడానికే, ధ్రువపత్రం కింద పనికిరాదు.

రెండో అడుగు: చివరి బెంచీలో కూర్చుని ప్యానెల్ చూడండి

పాఠం మొదటి పేజీ ప్యానెల్ మీద పెట్టి, వెళ్లి చివరి బెంచీలో కూర్చోండి. కిటికీ వెలుగు ఎక్కడ పడుతోంది? పసుపు రంగు అక్షరాలు తెల్లటి తెర మీద కనిపిస్తున్నాయా? ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు ఏ తరగతిలోనైనా ఉండొచ్చు. కాబట్టి "ఆకుపచ్చ బాణం చూడండి" అని వదిలేయకుండా బాణాలకు 1, 2, 3 అని అంకెలు వేయండి.

తెలుగుకు ఒక చిక్కుంది. మన అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. వరసల మధ్య చోటు తగ్గితే పై వరస ఒత్తు కింది వరస గుడిలో ఇరుక్కుంటుంది. వరసల ఎడం ఒకటిన్నర రెట్లు పెట్టండి. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి సాదా ఫాంట్లు చాలు. పెళ్లి శుభలేఖకు వాడే వంపుల ఫాంట్లు పాఠానికి వద్దు. ఒక స్లైడులో ఐదారు వరసలకు మించి పెట్టకండి.

మూడో అడుగు: చూపు తక్కువైన పిల్లలకు పాఠాన్ని చేతికి ఇవ్వండి

ముందు బెంచీలో కూర్చోబెడితే పని అయిపోయిందనుకుంటాం. అన్నిసార్లూ అవదు. ప్యానెల్ మీదున్న పేజీకి స్క్రీన్‌షాట్ తీసి, ఫోనులోనో ట్యాబ్‌లోనో ఆ అమ్మాయి ముందు పెట్టండి. వేళ్లతో తనకు కావాల్సినంత పెద్దది చేసుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీ అనే చోట మాగ్నిఫికేషన్ ఉంటుంది, దాంతో తెరంతా పెద్దదవుతుంది. అక్కడే సెలెక్ట్ టు స్పీక్ కూడా ఉంటుంది. తెర మీద ఏ ముక్క తాకితే ఆ ముక్క తెలుగులో చదివి వినిపిస్తుంది.

అసలు చూపు లేని పిల్లలకు, తెర మీదున్నదాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉంది. కానీ దాన్ని ముందుగా మీరు ఇంట్లో ఒక సాయంత్రం వాడి చూడండి. అది ఆన్ అయ్యాక ఒకసారి తాకితే పేరు చదువుతుంది, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది. ఈ సంగతి తెలియక మొదటి రోజు నేను నా ఫోనుతోనే కుస్తీ పట్టాను. ఇంకో మాట, బొమ్మల దగ్గర ఫోను చేసేది తక్కువ. "ఆకు మీద ఎండ పడుతోంది, వేరు నుంచి నీళ్లు పైకి వస్తున్నాయి" అని బొమ్మను మాటల్లో చెప్పాల్సింది మనమే. నిజం ఆకు ఒకటి చేతికిస్తే ఇంకా మంచిది.

నాలుగో అడుగు: వినికిడి తక్కువైన పిల్లలకు మాటల్ని తెర మీద చూపండి

సాధనం కంటే ముందు దూరం. ఖాళీ స్థలంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో గోడల వల్ల లెక్క కొంచెం మారినా, చివరికి మిగిలేది ఫ్యాను రొద, పక్క తరగతి ఎక్కాలు. చెవి మెషీను ఆ రొదను కూడా కలిపే పెద్దది చేస్తుంది. అందుకే మీరు నిలబడే చోటుకు ఐదారు అడుగుల లోపు ఆ పిల్లవాణ్ని కూర్చోబెట్టండి. రాస్తూ మాట్లాడకండి. రాయండి, తిరగండి, అప్పుడు మాట్లాడండి. పెదాలు చూసి మాట పట్టుకునే పిల్లలకు మన వీపు ఏమీ చెప్పదు.

ఇక లైవ్ ట్రాన్‌స్క్రైబ్. 2019లో గూగుల్ తెచ్చిన ఈ యాప్ మనం మాట్లాడుతుంటే ఆ మాటల్ని తెర మీద రాసుకుంటూ పోతుంది. తెలుగు కూడా రాస్తుంది. వాడే పద్ధతి ఇది: భాష తెలుగు అని పెట్టండి. ఫోను తెరను ప్యానెల్ మీదికి పంపే స్క్రీన్ కాస్ట్ ఆన్ చేయండి. ఫోను మీ నోటికి దగ్గరగా, చేతిలో గానీ మెడలో తాడుకు గానీ ఉండాలి. బల్ల మీద పెట్టి గదంతా తిరిగితే పొంతన లేని మాటలు రాస్తుంది. చిన్న చిన్న వాక్యాలు మాట్లాడండి.

మా తరగతిలో మొదటి రోజు "కిరణజన్య" కాస్తా "కిరణ్ జన్మ" అయింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. యాప్‌లో సొంత పదాలు చేర్చుకునే వీలుంది. పత్రహరితం, గ్లూకోజ్ లాంటి పాఠంలోని పది పదాలు ముందు రోజే అందులో వేసుకుంటే తప్పులు తగ్గుతాయి, పూర్తిగా పోవు. పోకపోవడమే ఒకరకంగా కలిసొచ్చింది. తెర మీద తప్పు కనిపిస్తే చెయ్యెత్తాలని ఆట పెట్టాను. తరగతి మొత్తం కళ్లప్పగించి చదవడం మొదలుపెట్టింది. ఎవరి కోసమో పెట్టింది అందరికీ చదివే అలవాటైంది, చెవి మెషీను పిల్లవాడి మీద ప్రత్యేకంగా చూపులు పడటం తగ్గింది.

పిల్లవాడికి సైగల భాష వచ్చి ఉంటే దారి వేరు. ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం సైన్ లెర్న్ యాప్‌లో పదాల వీడియోలు పెట్టింది. కేంద్ర ప్రభుత్వ పాఠాల టీవీ చానెళ్లయిన పీఎం ఈ-విద్యలో 31వ చానెల్‌ను 2024 డిసెంబరు 6న సంకేత భాష కోసమే మొదలుపెట్టారు. అయితే చెవుడున్న ప్రతి పిల్లవాడికీ సైగల భాష వచ్చని అనుకోవద్దు. ముందు ఇంట్లోవాళ్లను అడగండి.

ఐదో అడుగు: చదవలేని పిల్లలకు ముందు వినిపించండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే పెట్టాలి, ఎందుకంటే ఈ పిల్లలే ఎక్కువ మంది ఉంటారు. ఒత్తులు వదిలేసేవాళ్లు, ప, వ, ష దగ్గర తడబడేవాళ్లు, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేవాళ్లు. వీళ్లకు సైన్సు రాదని మనం మార్కులేస్తాం. నిజానికి చాలామందికి రానిది సైన్సు కాదు, ఆ పేజీ చదవడం.

పాఠాన్ని మీ గొంతుతోనే రికార్డు చేయండి. మొత్తం ఒకేసారి వద్దు, మూడు నిమిషాలకు ఒక ముక్క చొప్పున చాలు. మొదట "పేజీ ఇంత, రెండో పేరా" అని చెప్పి తర్వాత చదవండి. ఫోను గొంతు చదివేది కూడా పనికొస్తుంది గానీ, సంధి కలిసిన పొడుగాటి మాటల దగ్గర అది ఎక్కడ పడితే అక్కడ విరుస్తుంది. పిల్లలకు టీచరు గొంతు తెలిసిన గొంతు. రాత్రి వంటయ్యాక కుక్కల అరుపు మధ్య చేసిన నా రికార్డింగులే బాగా నడిచాయి.

వినేటప్పుడు పిల్లల వేలు పుస్తకంలోని వరస మీద కదలాలి. మొదటిసారి వింటూ వేలు జరపడం, రెండోసారి వింటూ గొంతు కలపడం, మూడోసారి ఫోను ఆపి సొంతంగా చదవడం. పుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లో, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషుగా ఉన్నాయి కదా. ముందు తెలుగు పేజీ ఇలా మూడుసార్లు అయ్యాకే ఇంగ్లిషు పేజీకి వెళ్లండి. విషయం తెలిసిపోయి ఉంటుంది కాబట్టి ఫొటోసింథసిస్ అన్న మాట కొత్తగా కనిపించినా బెదరరు. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షతో స్కాన్ చేసి చూడండి. వీడియో బాగుంటే వాడండి. ఎనిమిది నిమిషాల వీడియోలో మనకు కావాల్సింది రెండు నిమిషాలే అయితే ఆ రెండు నిమిషాలే వేయండి.

చదివే వేగం పెరగడానికి గూగుల్ రీడ్ అలాంగ్ ఉంది. 2019లో మన దేశంలో బోలో అనే పేరుతో మొదలైంది ఇదే. పిల్లలు తెర మీది కథ పైకి చదువుతుంటే వింటూ, తప్పిన మాట దగ్గర సాయం చేస్తుంది. తెలుగు కథలూ ఉన్నాయి. రోజుకు పది నిమిషాలు, వరండాలో, ఒక్కొక్కరుగా. ఇద్దర్ని పక్కపక్కన కూర్చోబెడితే ఒకరి గొంతు ఇంకొకరి ఫోనులో పడి అంతా గందరగోళం.

రాయలేని పిల్లల సంగతి వేరే. వాళ్ల చేత జవాబు నోటితో చెప్పించి, కీబోర్డులోని మైకు గుర్తు నొక్కి తెలుగులో టైపు చేయించండి. తెర మీద పడ్డ జవాబును పిల్లవాడే చదివి తప్పులు సరిచేసి, అందులో రెండు వాక్యాలు మాత్రం చేత్తో నోటుబుక్కులో రాయాలి. మార్కులు విషయానికి వేయండి. ఒత్తులకు ఇంకో రోజు వేద్దాం.

పదో తరగతి పరీక్ష హాల్లో ఈ ఫోను ఉండదు. అర్హత ఉన్న పిల్లలకు అక్కడ అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాట్లు ఉంటాయి. వాటికి ధ్రువపత్రం కావాలి. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపు చుట్టూ తిరిగే పని పరీక్షల ముందు పెట్టుకోకుండా, తొమ్మిదో తరగతిలోనే తల్లిదండ్రులతో మాట్లాడండి.

ఆరో అడుగు: ఇంటి భాషను తరగతిలోకి రానివ్వండి

ఇటుక బట్టీల సీజనులో ఒడిశా నుంచి వచ్చే కుటుంబాల పిల్లలు కొన్ని నెలలే మన బడిలో ఉంటారు. వాళ్లతో మాట కలపడానికి గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఒడియా ఉంది. చిన్న వాక్యాలకు పనికొస్తుంది, పాఠం మొత్తాన్ని దాని మీద వేయకండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో ఒకే కథ చాలా భాషల్లో ఉచితంగా దొరుకుతుంది. ఒడియా కథ ఆ పిల్లలు చదువుతుంటే అదే కథ తెలుగులో మిగతావాళ్లు చదవొచ్చు.

సవర, కువి లాంటి భాషలకు మాత్రం అనువాద యాప్‌లను నమ్ముకోకండి. ఫోనులోని రికార్డరు చాలు. పాఠంలోని పది మాటలు, ఆకు, వేరు, ఎండ, నీళ్లు, గాలి లాంటివి, పిల్లల చేతో వాళ్ల అమ్మమ్మ చేతో సవరలో చెప్పించి రికార్డు చేసుకోండి. ప్యానెల్ మీద ఆకు బొమ్మ తాకగానే ఆ గొంతు వినిపించేలా పెట్టండి. మాట తెలుగు లిపిలోనే రాయొచ్చు. మా తరగతిలో ఆ రోజు ఆ అమ్మాయి మాటలు అందరూ తప్పుగా పలుకుతుంటే తనే సరిదిద్దింది. జూన్ నుంచి ఆమె గొంతు వినడం నాకదే మొదటిసారి. నూరేళ్ల కిందటే గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, సొంత ఖర్చుతో ఆ పిల్లలకు వాళ్ల భాషలో బడి పెట్టారు. మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడకంతో వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన కాలంలో రికార్డరు ఉండి ఉంటే ఎన్ని గొంతులు దాచేవారో అనిపిస్తుంది.

ఏడో అడుగు: ముందు రోజు రాత్రి చేయాల్సినవి

వీడియోలు, కథలు ముందే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. లైవ్ ట్రాన్‌స్క్రైబ్‌కు తెలుగులో నెట్ కావాలి, బడిలో సిగ్నల్ ఏ మూల వస్తుందో చూసుకోండి. కరెంటు పోతే ఏం చేస్తారో ఒక వాక్యం రాసుకోండి. నాకైతే మూడు చార్టులు, ఒక తులసి మొక్క సిద్ధంగా ఉంటాయి. తరగతిలో టీచర్లు ఫోను వాడటంపై నిబంధనలున్న చోట హెచ్‌ఎం అనుమతి ముందే, రాతపూర్వకంగా తీసుకోండి.

పిల్లల గొంతు, ఫొటో, వాళ్ల ఇబ్బంది గురించిన సమాచారం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. పిల్లవాడు యాప్ వాడుతున్న వీడియో ఎంత ముద్దుగా ఉన్నా సరే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. యాప్‌లలో పిల్లల అసలు పేరుతో ఖాతాలు తెరవకండి.

ఎనిమిదో అడుగు: రెండు వారాల తర్వాత మొదటి నోటుబుక్కు తెరవండి

ఆ రోజు రాసిన వాక్యాల పక్కనే ఇప్పుడు కనిపిస్తున్నది రాయండి. ఉపయోగపడని సాధనాన్ని మొహమాటం లేకుండా తీసేయండి. ఏ పిల్లల ఎదురుగా "ఏమీ మారలేదు" అని రాయాల్సి వచ్చిందో వాళ్ల కోసం మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోని ఐఈఆర్‌పీ టీచరును (ఈ పిల్లలకు బోధించడంలో శిక్షణ పొందినవారు) కలవండి. మానసిక ఎదుగుదలలో ఇబ్బంది ఉన్న పిల్లలైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ కూడా ఉంది. వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు, పిల్లల చేతిరాత ఉన్న రెండు పేజీలు, చదువుతుండగా చేసిన రెండు నిమిషాల రికార్డింగు పట్టుకెళ్లండి. అక్కడ మొదట అడిగేవి అవే.