బోర్ చేయించిన ఇంజన్‌లో నీళ్లా, కూలెంటా? సమస్య - పరిష్కారం

ఇంజన్ దించి, బోర్ చేయించి (అరిగిన సిలిండర్లను లోపల మళ్లీ కోయించి), కొత్త పిస్టన్లు, రింగులు వేయించాక చాలా షెడ్లలో వినిపించే మాట ఒకటుంది: "ముందు వెయ్యి కిలోమీటర్లు మామూలు నీళ్లతో తిప్పండి సార్, రింగులు సెట్ అయ్యాక కూలెంట్ పోద్దాం." నేనూ ఆ మాట విని నా పాత పెట్రోల్ కారును నీళ్లతోనే తిప్పాను. అందులో సగమే నిజమని తర్వాత తెలిసింది.

మొదటిసారి స్టార్ట్ చేసి లీకులు చూసుకునే అరగంట, గంట వరకూ నీళ్లు మంచివే. ఎక్కడైనా కారినా, తిరిగి విప్పాల్సి వచ్చినా డబ్బు నేలపాలు కాదు. కానీ రోడ్డు మీద రన్నింగ్-ఇన్ (కొత్త భాగాలు ఒదిగే దాకా తిప్పడం) మాత్రం కూలెంట్‌తోనే చేయాలి. రింగులు సిలిండర్ గోడకు ఒదగాలంటే హోనింగ్ గీతలు (బోర్ చేశాక గోడ మీద గీసే సన్నటి గీతలు) సరిగ్గా ఉండాలి, సరైన ఆయిల్ ఉండాలి, ఇంజన్ మీద కాస్త లోడు పడాలి. రేడియేటర్‌లో నీళ్లున్నాయా, కూలెంట్ ఉందా అన్న దానితో రింగులకు పని లేదు.

సమస్య: పది రోజులకే రేడియేటర్‌లో నీళ్లు ఎర్రగా మారాయి

నాకు జరిగింది ఇదే. మూత తీసి చూస్తే ఇటుక కడిగిన నీళ్లలా ఉన్నాయి. కారణం తేలికే. బ్లాకును (సిలిండర్లు ఉండే ఇంజన్ ప్రధాన భాగాన్ని) బోర్ చేసే ముందు ఆమ్లంతోనో, వేడి కెమికల్‌తోనో కడుగుతారు. లోపలి నీటి దారుల్లో పాత పొర అంతా పోయి పచ్చి ఇనుము బయటపడుతుంది. దానికి నీళ్లు, గాలి తగిలితే తుప్పు పట్టడానికి రోజులు కూడా అక్కర్లేదు, కొన్ని గంటలు చాలు. పైగా ఇనుప బ్లాకు, దాని మీద మూతలా కూర్చునే అల్యూమినియం హెడ్ ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియం కూడా తినుకుపోతుంది. కూలెంట్‌లో తుప్పును ఆపే రసాయనాలు ఉంటాయి. వట్టి నీళ్లలో ఏమీ ఉండవు.

బోరుబావి నీళ్లు పోస్తే దీనికి ఇంకో కష్టం తోడవుతుంది. మన పల్లెల్లో ఉప్పు నీళ్లు అంటామే, వాటితో గీజర్ రాడ్డుకు పట్టే తెల్లటి పొరే సిలిండర్ల చుట్టూ పడుతుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. గేజులో అంతా మామూలుగానే కనిపిస్తుంది, లోపల సిలిండర్ గోడ మాత్రం కాలుతుంటుంది.

పరిష్కారం: ఎర్ర నీళ్లు తీసేసి, డిస్టిల్డ్ వాటర్ పోసి, థర్మోస్టాట్ (వేడెక్కాక రేడియేటర్‌కు నీటి దారి తెరిచే వాల్వు) తెరుచుకునేంత వేడెక్కే వరకూ ఇంజన్ నడిపి, చల్లారనిచ్చి మళ్లీ తీయండి. నీళ్లు తేటగా వచ్చే దాకా ఇలాగే చేయాలి. నాకు నాలుగుసార్లు పట్టింది. తర్వాత కూలెంట్ పోయాలి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. రేడియేటర్ కింది పైపు విప్పితే నీళ్లన్నీ పోవు, బ్లాకులో కొంత నిలిచిపోతుంది. ఉదాహరణకు మొత్తం 4 లీటర్లు పట్టే బండిలో 1.5 లీటరు లోపలే ఉండిపోయిందనుకుందాం. మీరు 50-50 రెడీమిక్స్ కూలెంట్ 2.5 లీటర్లు పోస్తే అందులో అసలు కూలెంట్ 1.25 లీటరే. అంటే మొత్తంలో 31 శాతం. అలా కాకుండా చిక్కటి కాన్సెంట్రేట్ 2 లీటర్లు ముందు పోసి, మిగతా అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌తో నింపితే సరిగ్గా సగానికి సగం కుదురుతుంది. బ్లాకుకు డ్రెయిన్ బోల్టు ఉంటే అది విప్పి పూర్తిగా తీసేయడం ఇంకా మంచిది.

సమస్య: ముల్లు ఒక్కసారిగా పైకి ఎగబాకి, మళ్లీ పడిపోతోంది

కొత్తగా కట్టిన ఇంజన్‌లో ఇలా జరిగితే ముందు అనుమానించాల్సింది గాలి. ఖాళీ ఇంజన్‌లో నీళ్లు నింపినప్పుడు హెడ్‌లో, హీటర్ పైపుల్లో గాలి బుడగ ఇరుక్కుంటుంది. ఆ చోట నీళ్లు తగలవు, లోహం కాలిపోతుంది. సెన్సార్ గాలిలో ఉంటే గేజు అబద్ధం చెబుతుంది. ముల్లు కిందే ఉంది కదా అని ధైర్యంగా తోలితే హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే కొత్త గాస్కెట్ పోతుంది.

పరిష్కారం: బండి ముందు భాగం ఎత్తులో ఉండేలా నిలపండి. హీటర్ ఫుల్ వేడిలో పెట్టండి. గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేయండి. చల్లటి ఇంజన్‌కు రేడియేటర్ మూత తీసి, నెమ్మదిగా నింపి, స్టార్ట్ చేసి, బుడగలు ఆగే దాకా మట్టం చూస్తూ పోస్తుండండి. పై పైపు వేడెక్కి, హీటర్‌లోంచి వేడి గాలి వస్తే దారి తెరుచుకున్నట్టే. ఇందుకోసం ఇంజన్‌ను గంటల తరబడి ఐడిల్‌లో ఉంచకండి. ఐడిల్‌లో రింగులు ఒదగవు, గోడలు నునుపెక్కిపోయి తర్వాత ఆయిల్ తాగుతుంది.

సమస్య: గాలి లేదు, లీకు లేదు, అయినా కాస్త వేడి ఎక్కువ

కొత్త రింగుల రాపిడి వల్ల మొదటి రోజుల్లో కొంచెం ఎక్కువ వేడి ఉండటం సహజం. క్రమంగా తగ్గాలి. తగ్గకపోతే కూలెంట్ పాళ్లు చూడండి. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలని కాన్సెంట్రేట్‌ను నీళ్లు కలపకుండానే పోసేవాళ్లున్నారు. అది తప్పు. వేడిని మోయడంలో నీళ్లను మించింది లేదు. సగం సగం కలిపిన మిశ్రమం నీళ్ల కంటే సుమారు 15 శాతం తక్కువ మోస్తుంది, చిక్కటిది ఇంకా తక్కువ. అయితే మిశ్రమం మరిగే వేడి ఎక్కువ. 15 పీఎస్‌ఐ ఒత్తిడిని నిలిపే రేడియేటర్ మూత ఉంటే నీళ్లు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, సగం సగం మిశ్రమం సుమారు 129 దగ్గర. మే నెల ట్రాఫిక్‌లో ఆ తేడాయే కాపాడుతుంది. మూత రబ్బరు పోయి ఉంటే మాత్రం ఈ లెక్కలేవీ నిలవవు. ఇంజన్‌కు అంత ఖర్చు పెట్టినవాళ్లు కొత్త మూత కూడా వేయించుకోవాలి.

సమస్య: బయట చుక్క లేదు, లోపల మట్టం తగ్గుతోంది

తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే రేడియేటర్‌లో బుడగలు తన్నుతుంటే, పైపులు వెంటనే రాయిలా బిగుసుకుంటే హెడ్ గాస్కెట్ దగ్గర పని సరిగ్గా జరగలేదు. హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగును చదును చేయడం) చేయించకపోవడం, బోల్టులు వరుస ప్రకారం టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే పానాతో) బిగించకపోవడం ఎక్కువగా కనిపించే కారణాలు. కొన్ని ఇంజన్లకు మొదటి వేడి తర్వాత మళ్లీ బిగించాలి, కొన్నింటికి అసలు ముట్టకూడదు. మాన్యువల్ చూడకుండా చేయనివ్వకండి.

ఆయిల్ మూత కింద మాత్రమే కాస్త మీగడలా ఉంటే అది తేమ కావచ్చు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మొత్తం పాల టీ రంగులో ఉంటే ఇంజన్ వెంటనే ఆపండి, ఇంటికి కూడా తోలకండి. ఆయిల్‌లో కలిసింది కూలెంట్ అయితే నీళ్ల కంటే ప్రమాదం. నీళ్లు వేడికి కొంతైనా ఆవిరైపోతాయి, కూలెంట్‌లోని గ్లైకాల్ ఆయిల్‌ను జిగురుగా మార్చి బేరింగులను తినేస్తుంది. మొదటి పరీక్ష నీళ్లతో చేయమనడానికి అసలైన కారణం ఇదే.

ఒక్క జాగ్రత్త. తీసిన కూలెంట్‌ను షెడ్డు ముందు మురుగులోకి వదలకండి, పళ్లెంలో పెట్టి మరిచిపోకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు నాకుతాయి, పిల్లలు ముట్టుకుంటారు. మూత ఉన్న క్యానులో పోసి, దాని మీద పేరు రాసి, అందనంత ఎత్తులో పెట్టండి.