బోర్డు సమావేశంలో శరణార్థుల మాట చెల్లాలంటే

పదకొండేళ్లుగా ఒక సహాయ సంస్థలో బోర్డు సమావేశాల మినిట్స్ రాస్తున్నాను. మేము మొదటిసారి పిలిచిన శరణార్థి మహిళ గురించి నా పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం ఉంది: "తన అనుభవాలను పంచుకున్నారు." ఆమె ఇరవై నిమిషాలు మాట్లాడింది. చప్పట్లు కొట్టాం. ఆమెను పక్క గదిలోకి టీకి పంపించి, బడ్జెట్ చర్చకు తీసుకున్నాం. ఆ బడ్జెట్ ఆమెలాంటి కుటుంబాల కోసమే. ఆ వాక్యం రాసినందుకు నాకు ఇప్పటికీ బాధే.

మీ దగ్గర అలా జరగకూడదంటే ముందు ఓటు సంగతి తేల్చండి. సంస్థ నిబంధనలు సవరించి, బోర్డులో కనీసం ఇద్దరు శరణార్థులకు పూర్తి సభ్యత్వం ఇవ్వండి. ఒక్కరే ఉంటే అందరి తరఫునా ఆ ఒక్కరే జవాబుదారీ అవుతారు. వారిని ఎన్నుకునే పని శరణార్థుల సంఘాలకే వదిలేయండి. ఎంత మంచివాళ్లమైనా, మనం ఎంచుకుంటే మనకు నచ్చేలా మాట్లాడేవారినే ఎంచుకుంటాం.

అమెరికా విధాన విశ్లేషకురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో పౌరుల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించారు. అందులో అభిప్రాయం అడగడం నాలుగో మెట్టు. అధికారం పంచుకోవడం ఆరో మెట్టుకు గాని మొదలుకాదు. ఆ టీ రోజున మేము నాలుగో మెట్టు కూడా ఎక్కలేదు.

అనువాదం దగ్గర మరో తప్పు చేశాం. అనువాదకురాలిని వెనక కుర్చీలో కూర్చోబెట్టాం. ఆమె గుసగుసగా చెప్పడం ముగిసేసరికి ఎత్తిన చేతులు లెక్కపెట్టడం కూడా అయిపోయేది. శరణార్థుల తరఫున బోర్డులోకి వచ్చిన కొత్త సభ్యుడి చెయ్యి సగం లేచి, మెల్లగా బల్ల మీదికి దిగిపోయేది. ఇప్పుడు ఆమె ఆయన పక్కనే కూర్చుంటుంది. ఆమె తల ఊపిన తర్వాతే అధ్యక్షులు ఓటింగ్ మొదలుపెడతారు. సమావేశం గంటసేపు ఎక్కువ పడుతుంది. పట్టనివ్వండి.

కాగితాలు మూడు వారాల ముందే వారి భాషలో అందాలి. అలా అందినప్పుడే ఒక సభ్యురాలు దుప్పట్ల పంపిణీ వేళను వేలితో చూపించి, "అది పిల్లలను బడి నుంచి తీసుకొచ్చే సమయం కదా" అంది. అంతకుముందు ఏడాదంతా "లబ్ధిదారులు రావడం లేదు" అని రాసింది నేనే.

ప్రయాణ ఖర్చులు, పిల్లలను చూసుకునే మనిషికయ్యే ఖర్చు అదే రోజు చేతికివ్వండి. గౌరవ వేతనం విషయంలో మాత్రం ముందు న్యాయవాదిని అడగండి. చాలాచోట్ల శరణు దరఖాస్తు తేలేవరకు పనిచేసే హక్కు ఉండదు. మీరిచ్చే డబ్బే వారి దరఖాస్తుకు అడ్డం రావచ్చు. అనుమతి లేకుండా పేరు, ఫొటో ఎక్కడా వేయకండి. వెనక ఉండిపోయిన బంధువులకు అది ప్రాణాల మీదికి తేవచ్చు.

ఇంకొక భయం ఉంటుంది, పైకి చెప్పరు. మీ సాయం తీసుకుంటున్న మనిషి మిమ్మల్ని ఎలా తప్పుపడతారు? బోర్డులో ఏం మాట్లాడినా సాయం ఆగదని రాసి, సంతకం చేసి ఇవ్వండి.

వారి ప్రతిపాదనను తిరస్కరిస్తే కారణం మినిట్స్‌లో రాయాలి. సంతకాలకు ముందు ఆ పేజీని వారి భాషలో చదివి వినిపించాలి. మా దగ్గర ఆ పని నాదే. వారు దిద్దమన్నచోట దిద్దుతాను.