హైబ్రిడ్ కారులో మైలేజీ పెంచుకోవడం ఎలా? పనంతా పాదంలోనే ఉంది

హైబ్రిడ్ కారు కొన్నవాళ్లలో చాలామంది ముందుగా చేసే తప్పు ఒకటుంది. ఇంజిన్ ఆగి, కారు మోటారుతోనే నడుస్తోందని చెప్పే ఆకుపచ్చ 'ఈవీ' గుర్తును డ్యాష్‌బోర్డు మీద ఆరనివ్వకూడదని పంతం పడతారు. సిగ్నల్ పడగానే నత్తలా కదులుతారు. ఇంజిన్ ఆగి ఉంది కదా, పెట్రోలు మిగులుతోందని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పు. ప్లగ్ పెట్టి చార్జ్ చేయని మామూలు హైబ్రిడ్‌లో బ్యాటరీకి బయటి నుంచి ఒక్క యూనిట్ కరెంటు కూడా రాదు. అందులో ఉన్నదంతా ఎప్పుడో ట్యాంకులో పోసిన పెట్రోలే. ఇప్పుడు బ్యాటరీ మీద నడిపిన ప్రతి కిలోమీటరుకూ కాసేపటికి ఇంజిన్ లేచి, తరుగుతో సహా బాకీ తీరుస్తుంది.

కింద చెప్పేది మోటారుతో మాత్రమే కొంత దూరం నడవగలిగే ఫుల్ హైబ్రిడ్‌ల గురించి. మైల్డ్ హైబ్రిడ్‌లలో మోటారు ఇంజిన్‌కు చేయూత మాత్రమే ఇస్తుంది కాబట్టి వాటికి ఐదో మెట్టు వర్తించదు, మిగతావి చాలావరకు వర్తిస్తాయి.

1. ముందు కొలవండి

ట్యాంకు నింపించండి. పంపు నాజిల్ మొదటిసారి 'టక్' మనగానే ఆపించండి, ఆ తర్వాత ఒక్క చుక్క కూడా పోయించవద్దు. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మళ్లీ నింపేటప్పుడు అదే పంపు దగ్గర, అదే పద్ధతిలో నింపించి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించండి. 612 కిలోమీటర్లకు 27.2 లీటర్లు పడితే లీటరుకు 22.5 కి.మీ. వచ్చినట్టు. ఒక్క ట్యాంకును నమ్మకూడదు, మూడు ట్యాంకుల సగటు తీయాలి. డ్యాష్‌బోర్డు చూపే సగటు అసలు కంటే కాస్త ఎక్కువగా ఉండటం మామూలే. దాన్ని ఒక ప్రయాణాన్ని ఇంకో ప్రయాణంతో పోల్చుకోవడానికి వాడండి, అంతే.

2. గాలి, ఆయిల్, బరువు

టైర్లలో గాలి నెలకోసారి, కారు కనీసం మూడు గంటలు నిలబడి ఉన్నాక చూడాలి. డ్రైవర్ తలుపు పక్కన అతికించిన స్టిక్కర్ మీది అంకె కనీసం ఉండాలి, 2 పీఎస్ఐ ఎక్కువ ఉంటే ఇంకా మంచిది. అంతకు మించి కొట్టిస్తే పట్టు తగ్గుతుంది, టైరు నడిమి భాగం త్వరగా అరుగుతుంది. వాతావరణం ఐదారు డిగ్రీలు చల్లబడితే సుమారు 1 పీఎస్ఐ దానంతటదే తగ్గుతుందని గుర్తుంచుకోండి. టైర్లు మార్చేటప్పుడు తక్కువ రోలింగ్ రెసిస్టెన్స్ (దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం) ఉన్నవే వేయించండి. మైలేజీ ఉన్నట్టుండి పడిపోయిందని బాధపడేవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది ఈమధ్య టైర్లు మార్చారా అని.

ఇంజిన్ ఆయిల్ మాన్యువల్‌లో ఏ గ్రేడు రాశారో అదే పోయించాలి. చాలా హైబ్రిడ్‌లకు 0డబ్ల్యూ-20 లేదా 0డబ్ల్యూ-16 లాంటి పల్చటి ఆయిల్ చెబుతారు. చిక్కటిది పోస్తే ఇంజిన్‌కు బలమని ఎవరైనా అంటే వినకండి. పైన వాడని క్యారియర్ ఉంటే తీసేయండి.

ఇంకొకటి. బ్యాటరీని చల్లబరిచే గాలి చాలా మోడళ్లలో వెనక సీటు పక్కనో కిందో ఉన్న జాలీ గుండా లోపలికి వెళ్తుంది. దాని మీద సంచులు, దుప్పట్లు పెట్టకండి. వేడెక్కిన బ్యాటరీ చార్జ్ తీసుకోవడం తగ్గిస్తుంది, దాంతో బ్రేకు వేసినప్పుడు రావాల్సిన కరెంటు కూడా తగ్గుతుంది.

3. మొదటి ఐదు నిమిషాలు

కారు స్టార్ట్ చేసి నిలబెట్టి వేడెక్కించడం మానేయండి. చల్లగా ఉన్న ఇంజిన్ కూలెంట్‌నూ, పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌నూ వేడి చేయడానికి మీకు అవసరం ఉన్నా లేకపోయినా తిరుగుతూనే ఉంటుంది. ఎలాగూ తిరుగుతున్న ఇంజిన్‌తో బండి కదిలించడమే లాభం. వెంటనే బయలుదేరి, మొదటి కిలోమీటరు నెమ్మదిగా నడపండి. ఈ దశలో ఈవీ బటన్ నొక్కి ఇంజిన్‌ను ఆపాలని చూడకండి. చలికాలంలో హీటర్ వేస్తే దానికి వేడి ఇంజిన్ నుంచే రావాలి కాబట్టి ఇంజిన్ ఆగదు. సీటు హీటర్ ఉంటే ముందు అది వాడండి.

రెండేసి కిలోమీటర్ల పనులు నాలుగుంటే ఒకే ప్రయాణంలో ముగించుకోండి. ప్రతిసారీ చల్లారిన ఇంజిన్‌తో మొదలుపెట్టే చిన్న ప్రయాణాలే హైబ్రిడ్ మైలేజీని అన్నిటికన్నా ఎక్కువగా తినేస్తాయి.

4. వేగం అందుకోవడం

ఇక్కడ చురుగ్గా ఉండాలి. పెట్రోలు ఇంజిన్ మరీ తక్కువ భారంతో తిరిగేటప్పుడు, పోసిన ఇంధనంలో పెద్ద వాటా సొంత రాపిడికీ గాలి పీల్చుకోవడానికీ ఖర్చు చేసుకుంటుంది. హైబ్రిడ్‌లలో ఎక్కువగా వాడే, పొదుపు కోసం రూపొందించిన ఆట్కిన్‌సన్ సైకిల్ రకం ఇంజిన్ ఒక మోస్తరు భారం దగ్గర అన్నిటికన్నా పొదుపుగా పనిచేస్తుంది. కాబట్టి డ్యాష్‌బోర్డులో చార్జ్, ఎకో, పవర్ అనే భాగాలున్న పవర్ మీటర్ ముల్లు ఎకో భాగంలో పై మూడో వంతులో ఉండాలి, పవర్ భాగంలోకి దాటకూడదు. సుమారుగా 10 నుంచి 14 సెకన్లలో గంటకు 50 కి.మీ. అందుకుంటే సరైన పాళ్లలో తొక్కినట్టు. యాక్సిలరేటర్ పెడల్ కింద గుడ్డు ఉందనుకుని నడపమనే సలహా పాత కార్బురేటర్ బండ్లకు పనికొచ్చి ఉండవచ్చు, దీనికి పనికిరాదు. అలా నడిపితే ఇంజిన్ పనికిమాలిన భారంతో రెట్టింపు సేపు తిరుగుతుంది, లేదా బ్యాటరీ ఖాళీ అవుతుంది.

ఎకో మోడ్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలి. ఆ మోడ్ వేస్తే చాలా కార్లలో పెడల్ స్పందన మందగిస్తుంది, అంటే అంతే శక్తికి పాదం ఎక్కువ దూరం కదలాలి. తర్వాతి మెట్టులో కావలసింది సరిగ్గా అదే.

5. గ్లైడ్: అందరూ పాడుచేసేది ఇదే

వేగం అందుకున్నాక పెడల్ పూర్తిగా వదిలేస్తే కారు స్వేచ్ఛగా దొర్లదు. మామూలు కార్లలోని ఇంజిన్ బ్రేకింగ్‌ను అనుకరిస్తూ మోటారు జనరేటర్‌గా మారి, చక్రాలను కాస్త పట్టుకుని బ్యాటరీని చార్జ్ చేస్తుంది. తెర మీద చక్రాల నుంచి బ్యాటరీకి బాణం గుర్తులు పరుగెత్తుతుంటే చూడటానికి బాగానే ఉంటుంది. కానీ కారులోని వేగం కరెంటుగా, కరెంటు బ్యాటరీలో రసాయన శక్తిగా, అది మళ్లీ కరెంటుగా, మళ్లీ వేగంగా మారాలి. ప్రతి మార్పులోనూ కొంత వేడిగా పోతుంది. వెళ్లి తిరిగొచ్చేసరికి మూడో వంతు దాకా పోవచ్చు. ఆ వేగాన్ని వేగంగానే ఉంచుకుంటే ఏ మార్పిడీ లేదు, తరుగూ లేదు. చార్జ్ అవుతోందంటే మంచిదే కదా అనుకునేవాళ్లు పట్టించుకోనిది ఇదే.

గ్లైడ్ అంటే ఇంజిన్ ఆగి ఉండి, మోటారు నెట్టకుండా, లాగకుండా కారు దొర్లుతూ పోవడం. ఇలా చేయాలి:

- ఇంజిన్ వేడెక్కి, ముందు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, వేగ పరిమితి అనుమతిస్తే 60 కి.మీ. వరకు నాలుగో మెట్టులో చెప్పినట్టు వెళ్లండి.
- పెడల్‌ను ఒక్క క్షణం పూర్తిగా వదిలేయండి. ఇంజిన్ ఆగుతుంది.
- ఇప్పుడు పాదం బరువు మాత్రమే ఆనించినట్టుగా పెడల్‌ను కొద్దిగా నొక్కండి. ముల్లు చార్జ్ భాగానికీ ఎకో భాగానికీ మధ్య గీత మీద నిలవాలి. ఎనర్జీ మానిటర్‌లో ఏ బాణమూ కనిపించకూడదు.
- వేగం 50కి పడేదాకా అలాగే ఉంచి, మళ్లీ చురుగ్గా 60కి తీసుకెళ్లండి.

మూడో అంశంలోనే పాదం వణుకుతుంది. గీతకు ఇటో అటో పడుతూ ఒక క్షణం చార్జ్, ఒక క్షణం ఖర్చు జరుగుతుంటే నష్టమే తప్ప లాభం లేదు. మడమ నేలకు గట్టిగా ఆనాలి, కదిలేది ముందుపాదం మాత్రమే. పల్చటి అడుగున్న చెప్పులో బూట్లో వేసుకోవాలి, మందపాటి అడుగుతో ఈ పని కుదరదు. మడమకు పట్టీ లేని చెప్పులు ఏ కారులోనూ వద్దు.

రెండో తప్పు గ్లైడ్‌ను సాగదీయడం. వేగం 50కి పడ్డాక ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ మోటారుతో లాక్కుంటూ పోతారు. అది గ్లైడ్ కాదు, బ్యాటరీ ఖర్చు. బ్యాటరీ గుర్తులో చార్జ్ గీతలు రెండుకు పడిపోయాక కారు తనకు తోచినప్పుడు ఇంజిన్ లేపి చార్జ్ చేసుకుంటుంది. అది మీరు సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్నప్పుడు కావచ్చు.

మూడోది చాలా ప్రమాదకరం. గేరు న్యూట్రల్‌లో వేసి దొర్లించడం. చాలా హైబ్రిడ్‌లలో న్యూట్రల్‌లో బ్యాటరీ చార్జ్ కాదు, బ్రేకు నొక్కినా మోటారు కరెంటు తయారుచేయదు, అవసరం పడితే వెంటనే వేగం అందుకోవడమూ కుదరదు. దొర్లడం పెడల్‌తోనే చేయాలి. కదులుతున్న కారులో పవర్ బటన్ జోలికి అసలు పోవద్దు.

తెర వంక చూస్తూ నడపకండి. తొలి రోజుల్లో ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు మీద, పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, బాణాలు కనిపిస్తున్నాయో లేదో వాళ్లను చెప్పమనండి. పది, పదిహేను కిలోమీటర్లకు పాదానికి ఆ స్థానం తెలిసిపోతుంది, తర్వాత తెర అవసరం ఉండదు.

వెనక వాహనం ఉంటే 60, 50 మధ్య ఊగడం మానేసి ఒకే వేగంతో వెళ్లండి. వెనకవాళ్లు మీ వేగం చూసి విసుగెత్తి ప్రమాదకరంగా దాటబోతే ఆదా చేసిన పెట్రోలుకు అర్థం లేదు. నిజానికి ట్రాఫిక్‌లో గ్లైడ్‌కు సరైన చోటు ఎలాగూ తగ్గాల్సిన దారి. ముందు ఎర్ర లైటు, మలుపు, స్పీడ్ బ్రేకర్ కనబడగానే గ్లైడ్ మొదలుపెట్టాలి.

ఎక్కువ వేగంలో కొన్ని మోడళ్లలో ఇంజిన్ ఆగదు. 2003లో వచ్చిన రెండో తరం టయోటా ప్రియస్‌లో గంటకు 67 కి.మీ. దాటితే ఇంజిన్ తిరుగుతూనే ఉండేది. ఇంజిన్ ఆగి ఉంటే ఇంజిన్‌నూ మోటార్లనూ చక్రాలతో కలిపే ప్లానెటరీ గేర్‌లోని చిన్న మోటార్-జనరేటర్ హద్దు మించి తిరగాల్సి రావడమే కారణం. మీ కారు హద్దు ఎంతో గమనించి, ఆ వేగం కింద మాత్రమే గ్లైడ్ చేయండి.

6. బ్రేకు

రీజెనరేటివ్ బ్రేకు (వేగాన్ని కరెంటుగా మార్చే బ్రేకు) ఉంది కదా, చివర్లో నొక్కినా కరెంటు తిరిగొస్తుందనుకుంటే పొరపాటు. 1500 కిలోల కారు 60 కి.మీ. వేగంలో ఉంటే అందులో సుమారు 208 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. నాలుగు సెకన్లలో ఆపితే సగటున 52 కిలోవాట్లు బ్యాటరీలోకి పోవాలి. ఒకటి, రెండు కిలోవాట్ అవర్ల చిన్న బ్యాటరీ అంత వేగంగా మింగలేదు. మిగిలింది బ్రేక్ ప్యాడ్లు వేడిగా మార్చేస్తాయి. అదే పది సెకన్లలో ఆపితే సగటు 21 కిలోవాట్లకు దిగుతుంది, ఎక్కువ భాగం బ్యాటరీ తీసుకోగలుగుతుంది.

అందుకే తొందరగా, తేలిగ్గా, ఒకే ఒత్తిడితో నొక్కాలి. ముల్లు చార్జ్ భాగంలోనే ఉండాలి, అడుగుకు తగలకూడదు. వేగం గంటకు పది కి.మీ. కిందికి దిగాక పని చాలావరకు మామూలు బ్రేకులదే, అక్కడ కరెంటు ఆశించకండి. ఇదంతా మీకు తీరిక ఉన్నప్పుడు. ఎవరైనా అడ్డం వస్తే ముల్లు సంగతి మరిచిపోయి గట్టిగా నొక్కండి.

7. హైవే, ఎత్తుపల్లాలు, ఏసీ

హైవే మీద నేర్పు కంటే వేగమే నిర్ణయిస్తుంది. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 90 నుంచి 110కి వెళ్తే అది దాదాపు సగం పెరుగుతుంది. 90 దగ్గర నిలకడగా నడపండి. చదును రోడ్డు మీద క్రూజ్ కంట్రోల్ పెట్టండి, ఎత్తుపల్లాల్లో తీసేయండి. పెట్టిన అంకె నిలబెట్టడానికి అది చడావు మీద ఇంజిన్‌ను అరిపిస్తుంది. చడావులో వేగం ఐదారు కిలోమీటర్లు తగ్గనిచ్చి, ఆ తగ్గింది దిగుడులో అందుకోవాలి.

పొడవైన ఘాట్ దిగేటప్పుడు బ్యాటరీ నిండిపోతుంది. నిండాక బ్రేకు కరెంటును తీసుకునే చోటు ఉండదు, భారమంతా ప్యాడ్ల మీద పడుతుంది. అప్పుడు గేరు మీటలో 'బి' (బ్రేకింగ్) స్థానం వాడాలి. దాన్ని ఊళ్లో రోజూ వాడేవాళ్లున్నారు, వాడకూడదు. చాలా మోడళ్లలో 'బి' వేస్తే కారు ఇంజిన్‌ను తిప్పి వేగాన్ని వృథా చేస్తుంది, అది ఉన్నదే అందుకు. కొన్ని కార్లలో మాత్రం 'బి' అంటే చార్జింగ్ ఎక్కువ చేయడమే. మీ కారులో ఏదో మాన్యువల్‌లో చూడండి.

ఏసీ కంప్రెసర్ కరెంటు మీద నడుస్తుంది, ఇంజిన్ ఆగి ఉన్నా చల్లదనం వస్తుంది. ఆ కరెంటు బ్యాటరీదే. ఎండలో నిలిపిన కారులో ముందు తలుపులు తెరిచి వేడి గాలిని బయటికి పోనివ్వండి, తర్వాత ఏసీ వేసి రీసర్క్యులేషన్ నొక్కండి, 25 డిగ్రీల దగ్గర ఆటోలో వదిలేయండి. 18 పెట్టడం వల్ల కారు త్వరగా చల్లబడదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, అంతే.

ఇవన్నీ పాటించినా మూడు ట్యాంకుల సగటు కదలకపోతే, కాస్త దూరం నడిపాక కారు ఆపి నాలుగు చక్రాల దగ్గర చెయ్యి ఉంచి చూడండి, డిస్కును మాత్రం ముట్టుకోవద్దు. ఒక్క చక్రం దగ్గరే వేడి ఎక్కువగా తగులుతుంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కే ఆ బ్రేక్ క్యాలిపర్ పట్టేసుకుని ఉండవచ్చు. రీజెనరేటివ్ బ్రేకింగ్ వల్ల హైబ్రిడ్‌లలో మామూలు బ్రేకులకు పని తక్కువ, కదలక కదలక క్యాలిపర్ స్లైడ్ పిన్నులు బిగుసుకుపోతాయి. సర్వీసుకు ఇచ్చినప్పుడు ఆ పిన్నులు తీయించి, శుభ్రం చేయించి, గ్రీజు పెట్టించండి.