తోలు మీద మామిడిపిందె చెక్కడం ఎలా? ఇంట్లో లెదర్ టూలింగ్ మొదలుపెట్టేవాళ్ళకి

లెదర్ టూలింగ్, అంటే తడిపిన తోలు మీద కత్తితో గీసి, కొట్టి డిజైన్ దించే పని, నేర్చుకుందామనుకున్నవాళ్ళు చాలామంది మొట్టమొదట ఆన్‌లైన్‌లో సుత్తితో కొట్టి ముద్ర వేసే స్టాంపుల సెట్టు పెద్దదొకటి కొనేస్తారు. అది కాస్త ఆపండి. తోలు మీద డిజైన్ లోతుగా, శుభ్రంగా దిగడం స్టాంపుల సంఖ్య మీద ఆధారపడదు, సుత్తి బలం మీద అంతకన్నా కాదు. తోలులో ఎంత తడి ఉందన్నదే అసలు విషయం. తడి కుదిరితే నాలుగు పనిముట్లతో కూడా మంచి పని వస్తుంది, కుదరకపోతే ఎంత ఖరీదైన సెట్టయినా దండగే.

చేయబోయేది టీకప్పు కింద పెట్టుకునే కోస్టర్. 10 సెంటీమీటర్ల చదరం, మధ్యలో ఒక్క మామిడిపిందె. కుట్టు పని లేదు, తోలు ఎక్కువ పట్టదు, పైగా చీర అంచులో కనిపించే ఆ పిందెలో ఒకే పెద్ద వంపు, ఒక మొన ఉంటాయి కాబట్టి కత్తి పట్టు నేర్చుకోవడానికి దీనికన్నా మంచి డిజైన్ లేదు. ఇంటర్నెట్‌లో అమెరికా వాళ్ళ షెరిడాన్ స్టైల్ జీనులు, బెల్టులు చూసి, గుండ్రంగా అల్లుకున్న తీగల్లో అడవి గులాబీలతో మొదలుపెడదామనిపిస్తుంది. వయోమింగ్‌లోని షెరిడాన్ ఊళ్ళో డాన్ కింగ్ లాంటి జీనుల పనివాళ్ళ చేతుల్లో పెరిగిన శైలి అది, దాని జోలికి ఇప్పుడే వద్దు.

ముందు సరైన తోలు

టూలింగ్‌కి వెజ్ ట్యాన్ తోలే కావాలి, అంటే చెట్ల బెరడు, కాయల్లోని టానిన్ అనే వగరు పదార్థంతో పదును చేసిన తోలు. మన బూట్లు, జాకెట్లు, హ్యాండ్‌బ్యాగుల్లో ఎక్కువగా వాడేది క్రోమ్ ట్యాన్, అంటే క్రోమియం లవణాలతో పదును చేసినది. దాని మీద ఎంత కొట్టినా ఆరాక ముద్ర పైకి లేచిపోతుంది. బెరడుతో పదును చేయడం మనకు కొత్తేమీ కాదు, తంగేడు పట్ట, కరక్కాయ దక్షిణాదిలో ఎప్పటినుంచో ఇందుకు వాడుతున్నవే. నిమ్మలకుంట తోలుబొమ్మల సంగతి మాత్రం వేరు. అక్కడ మేకతోలును వెలుతురు దాటేంత పలచగా చేసి, చిల్లులు పొడిచి రంగులు వేస్తారు, తడిపి మోదే పని కాదు కాబట్టి ఆ తోలు దీనికి పనికిరాదు.

కొనేటప్పుడు "రంగు, పాలిష్ వేయని వెజ్ ట్యాన్, ఫుల్ గ్రెయిన్, 2 మిల్లీమీటర్ల మందం" అని అడగండి. ఫుల్ గ్రెయిన్ అంటే పైపొర గీకేయని తోలు. విదేశీ వీడియోల్లో మందాన్ని ఔన్సుల్లో చెబుతుంటారు, ఒక ఔన్సు దాదాపు 0.4 మి.మీ., కాబట్టి మనకు కావలసింది 5 ఔన్సులు. చెన్నైలో పెరియమేట్ తోలు వ్యాపారానికి పేరున్న చోటు. కాన్పూర్‌లో గుర్రపు జీనుల తోలు దొరుకుతుంది గానీ, ముందే నూనె, మైనం పట్టించినదైతే తీసుకోకండి, నీళ్ళు పీల్చదు. దుకాణంలోనే ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క లోపలికి ఇంకి, ఆ మేర రంగు ముదిరితే మంచి గుర్తు. కోసిన అంచు మధ్యలో నీలం, బూడిద ఛాయ కనిపిస్తే అది క్రోమ్, అక్కడే పెట్టేసి వచ్చేయండి.

పనిముట్లు ఎన్ని?

గీతలు కోయడానికి పిడి తిరిగే కత్తి, అంటే స్వివెల్ నైఫ్ ఒకటి, కోత పక్కన తోలుని వాలుగా అణచే నున్నటి బెవెలర్ ఒకటి, గుండ్రదనం తెచ్చే పేర్ షేడర్ ఒకటి, డిజైన్ చుట్టూ ఖాళీ జాగాని అణచే బ్యాక్‌గ్రౌండర్ ఒకటి. అంతే. సుత్తి మాత్రం ఇనుపది వద్దు, స్టాంపుల తలలు పాడవుతాయి. వడ్రంగి వాడే చెక్క కొడతి గానీ నైలాన్ సుత్తి గానీ సరిపోతుంది. కింద పెట్టుకోవడానికి బరువైన రాయి కావాలి. దీనికి డబ్బు పెట్టక్కర్లేదు, వంటగది గట్లకి గ్రానైట్ కోసే షాపు దగ్గర ముక్కలు పడి ఉంటాయి, అడిగితే ఇస్తారు. రాయి కింద దళసరి రబ్బరు మ్యాట్ వేసుకోండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఆ మ్యాట్ తప్పనిసరి, ఎందుకంటే కొట్టే చప్పుడు మీకన్నా కింద ఫ్లోర్ వాళ్ళకే ఎక్కువ వినిపిస్తుంది.

అసలు పని: తడి

ముక్కను 10 సెం.మీ. కన్నా కొంచెం పెద్దగానే కోసుకోండి. తడపకముందే వెనకవైపు, అంటే గరుకు వైపు, బ్రౌన్ ప్యాకింగ్ టేపు అడ్డంగా అతికించండి. కొడుతుంటే తోలు సాగి డిజైన్ వంకర పోకుండా అదే పట్టి ఉంచుతుంది. ఇప్పుడు కొత్త స్పాంజితో నున్నటి వైపంతా ఒకే రీతిలో తడపండి. బోరు నీళ్ళు వద్దు, వాటిలో ఇనుము ఉంటే తోలుకి మురికి బూడిద రంగు పడుతుంది, ఫిల్టర్ నీళ్ళు వాడండి. తడిపాక ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి కొన్ని గంటలు, కుదిరితే రాత్రంతా వదిలేయండి. తడి అప్పటికి మందమంతా సమంగా పాకుతుంది. మన వర్షాకాలంలో కవర్లో తోలును బయటే వదిలేస్తే బూజు పట్టడానికి ఎక్కువ టైమ్ పట్టదు, ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి పెట్టండి.

పొద్దున బయటికి తీయగానే మొదలుపెట్టకూడదు. ఆరనివ్వాలి. పైన రంగు దాదాపు పొడి తోలు రంగుకి వచ్చి, చెంపకి ఆనిస్తే మాత్రం ఇంకా చల్లగా తగలాలి. అదీ సమయం. ఎంతసేపు అని గడియారం చూసి చెప్పలేం. మే నెలలో హైదరాబాద్‌లో ఫ్యాన్ కింద నిమిషాల్లో ఆ స్థితికి వచ్చేస్తుంది, జూలైలో విశాఖలో ఎంతకీ రాదు.

ఓ మూలన, తర్వాత కోసేసే చోట, స్టాంపుతో ఒక దెబ్బ వేసి చూడండి. ముద్ర చుట్టూ నీరు ఉబికి, అంచులు మెత్తగా ఒరిగిపోతే తడి ఎక్కువైంది, ఆగండి. ముద్ర పాలిపోయి, పైపైన పడితే ఆరిపోయింది. కొట్టిన చోట స్పష్టమైన ముదురు గోధుమ రంగు వచ్చి అంచు పదునుగా నిలబడితే అదే సరైన తడి. మధ్యలో ఆరిపోతే ఆ చోట ఒక్కటే తడపకండి, మరక కడుతుంది, మొత్తం ముక్కని పలచగా తుడవండి.

గీత, కోత

డిజైన్‌ని ట్రేసింగ్ పేపర్ మీద పెన్సిల్‌తో గీసి, పెన్సిల్ గీతలు పైకి ఉండేలా తోలు మీద పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో మెల్లగా దిద్దండి. కార్బన్ పేపర్ వాడొద్దు, ఆ మరక ఇక పోదు. ఉంగరాలు తీసేయండి, గోళ్ళు కత్తిరించుకోండి, తడి తోలు దేన్ని తాకినా గుర్తుంచుకుంటుంది.

స్వివెల్ నైఫ్ పైనున్న వంపులో చూపుడువేలు ఆనించి కిందకి నొక్కుతూ, మిగతా వేళ్ళతో పిడిని తిప్పుతూ, కత్తిని మీవైపు లాగాలి. లోతు మందంలో మూడో వంతు నుంచి సగం దాకా, అంటే మన ముక్కకి 1 మి.మీ. దాటకూడదు. కత్తి పక్కకి ఒరగకూడదు. వంపు తిరిగేటప్పుడు చెయ్యి మెలితిప్పే బదులు తోలునే తిప్పండి. మొన దగ్గర రెండు కోతలు ఒకదాన్నొకటి దాటకుండా, చివరికి వచ్చేసరికి నొక్కుడు తగ్గిస్తూ తేల్చేయాలి. కత్తి బిగుసుకుంటూ లాగుతుంటే తోలు ఆరింది గానీ, పదును పోయింది గానీ. పాత అట్టముక్క మీద పాలిషింగ్ కాంపౌండ్ రుద్ది పక్కనే పెట్టుకుని, మధ్యమధ్యలో కత్తిని వెనక్కి లాగుతూ నాలుగుసార్లు సాన పట్టండి. మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా ఎగ్గొట్టే పని ఇదే.

కొట్టడం

పిందె పైకి లేచినట్టు కనిపించాలి కాబట్టి బెవెలర్‌ని కోతకి బయటివైపు పెట్టాలి, దాని లోతైన అంచు కోతలో కూర్చోవాలి. చిన్న చిన్న దెబ్బలు వేస్తూ, పనిముట్టుని పూర్తిగా ఎత్తకుండా, దాని వెడల్పులో సగం చొప్పున ముందుకి జరుపుతూ పోవాలి. మెట్లుమెట్లుగా గుర్తులు పడుతున్నాయంటే జరపడం ఎక్కువైంది. వెనక్కి వచ్చి అదే దారిలో మళ్ళీ తేలిగ్గా కొడితే చాలావరకు సర్దుకుంటుంది. తర్వాత పేర్ షేడర్‌తో పిందె పొట్ట లోపల ఒక పక్కగా నొక్కితే గుండ్రదనం వస్తుంది. బ్యాక్‌గ్రౌండర్ చుట్టూ నేలని దించడానికి. లోపలి అలంకారపు గీతలు అన్నిటికన్నా చివర.

స్టాంపు కొనాలని లేకపోతే స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు తలని ఆకురాయితో అడ్డదిడ్డంగా గీస్తే బ్యాక్‌గ్రౌండర్ తయారు. మామూలు ఇనుప మేకు మాత్రం వద్దు. తడి వెజ్ ట్యాన్‌కి ఇనుము తగిలితే నల్లమచ్చ పడుతుంది, టానిన్, ఇనుము కలిస్తే నలుపే. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద బెల్లం, ఇనుప ముక్కలు ఊరబెట్టిన నీళ్ళతో నల్ల గీత గీస్తారే, అదే రసాయనం ఇక్కడా. చిన్న మచ్చ పడితే వెంటనే నిమ్మరసం అద్ది, తర్వాత మంచినీళ్ళతో తుడవండి.

ఈ గుణాన్నే నల్లరంగు వేయడానికి వాడుకోవచ్చు. స్టీల్ ఉల్‌ని, అంటే సన్నటి ఇనుప పీచుని, సబ్బుతో జిడ్డు పోయేలా కడిగి తెల్ల వెనిగర్‌లో కొన్ని రోజులు నానబెట్టి, వడకట్టి పూస్తే తోలు లోపలిదాకా నల్లబడుతుంది. సీసా మూత బిగించొద్దు, గ్యాస్ వస్తుంది. పూశాక వంటసోడా కలిపిన నీళ్ళతో తుడిచి, మంచినీళ్ళతో కడగాలి. ముందు తుంటముక్క మీద చూసుకుని తర్వాతే అసలు ముక్కకి.

ఆరబెట్టి పూర్తి చేయడం

టేపు తీసి, ఇంకా కాస్త తడిగా ఉండగానే రెండు చదునైన బరువుల మధ్య కొంతసేపు ఉంచితే వంగకుండా ఉంటుంది. తర్వాత నీడలో ఒక రోజంతా ఆరనివ్వండి. ఎండ, హెయిర్ డ్రయ్యర్ రెండూ వద్దు, తోలు పెళుసైపోతుంది. ఆరాక సరిగ్గా 10 సెం.మీ.కి కోసుకుని, రంగు వేయాలనుకుంటే ఇప్పుడు వేసుకుని, పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ ఆయిల్ చాలా పలచగా ఒక్క పూత. వంటనూనెలు పూయమనేవాళ్ళు ఉంటారు, కొన్నాళ్ళకి వాసన వేస్తుంది, నేనైతే వాడను.

అంచుల్ని 400 నంబరు ఎమెరీ పేపర్‌తో రుద్ది, వేలితో తడి అద్ది, పాత జీన్స్ గుడ్డతో వేడెక్కేదాకా గట్టిగా రుద్దండి. గరుకు పోయి మెరుపు వస్తుంది. టీకప్పు కిందకి కాబట్టి పైన మైనం ఒక్కటే చాలదు, వేడికి కరుగుతుంది. లెదర్‌కి వాడే యాక్రిలిక్ ఫినిష్ రెండు పలుచటి పూతలు, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. నల్లరంగు వేసినవాళ్ళు తెల్లగుడ్డ తడిపి ఓసారి గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకి రంగు అంటుతుంటే ఇంకో పూత వేసి మళ్ళీ చూసుకుని, ఆ తర్వాతే టేబుల్ మీదకి.