బయోలాజిక్ మందుల మోతాదు: ఒంటి బరువుతో సరిచూసుకోవడం ఎలా?

బయోలాజిక్ మందు, అంటే జీవకణాల్లో తయారుచేసే మందు, రాసిచ్చినప్పుడు ముందుగా డాక్టరును అడగవలసింది, ఆ మోతాదు బరువును బట్టి మారేదా, పెద్దవాళ్లందరికీ ఒకటేనా అన్నది. ఇవి చాలావరకు పెద్ద ప్రోటీన్ అణువులు కావడంతో రక్తంలోనూ కణాల మధ్య ద్రవంలోనూ ఉండిపోతాయి, కొవ్వులోకి అంతగా చేరవు. అందువల్ల మనిషి బరువు రెట్టింపైనా కావలసిన మందు రెట్టింపు కానక్కరలేదు. రుమటాయిడ్ కీళ్లవాతానికి అడాలిముమాబ్ 50 కిలోల వారికైనా 80 కిలోల వారికైనా సాధారణంగా రెండు వారాలకోసారి 40 మి.గ్రా. ఇవ్వడం ఇందుకే.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ మాత్రం కిలోల లెక్కన ఇచ్చే మందు. పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధికి కిలోకు 5 మి.గ్రా. చొప్పున మొదటి రోజు, ఆపై 2, 6 వారాలకు, తర్వాత ప్రతి 8 వారాలకు సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. చికిత్స మొదలైనప్పుడు 48 కిలోలున్న రోగికి 240 మి.గ్రా. సరిపోతుంది, పేగు కుదుటపడి, తిండి ఒంటబట్టి అతను 60 కిలోలకు చేరితే 300 మి.గ్రా. కావాలి. పాత కేస్ షీటులోని అంకెనే మళ్లీ ఎక్కిస్తే, కోలుకుంటున్న మనిషికే మందు తగ్గిపోతుంది. కాబట్టి మందు ఎక్కించే ప్రతిసారీ, చెప్పులు విప్పి, పలుచని బట్టలతో, వీలైతే అదే తూకం మీద బరువు చూపించుకుని, ఆ అంకెను కాగితం మీద రాయించుకోవడం తప్పనిసరి అని నా అభిప్రాయం. కాళ్లకు గానీ పొట్టకు గానీ నీరు చేరి ఉంటే తూకం ఎక్కువ చూపిస్తుంది గనుక ఆ మాట విడిగా చెప్పాలి. ఈ మందు 100 మి.గ్రా. వయల్స్‌లో (చిన్న సీసాల్లో) వస్తుంది, లెక్క 310 మి.గ్రా. వస్తే నాలుగో వయల్ తెరవాలా, 300తో సరిపెట్టవచ్చా అన్నది డాక్టరు నిర్ణయించవలసిన విషయం.

రోగం మారితే లెక్కా మారుతుంది. ఇదే ఇన్‌ఫ్లిక్సిమాబ్ కీళ్లవాతానికి కిలోకు 3 మి.గ్రా.తో మొదలవుతుంది. రిటుక్సిమాబ్‌ను కీళ్లవాతానికి 1000 మి.గ్రా. చొప్పున రెండు వారాల తేడాతో రెండుసార్లు ఇస్తే, లింఫ్ కణాల క్యాన్సరైన లింఫోమాకు ఎత్తూ బరువూ కలిపి కట్టిన శరీర ఉపరితల వైశాల్యం ప్రకారం చదరపు మీటరుకు 375 మి.గ్రా. ఇస్తారు. హైదరాబాదు సంస్థ డాక్టర్ రెడ్డీస్ 2007లో తెచ్చిన రెడిటక్స్ కూడా రిటుక్సిమాబే గనుక దానికీ ఇదే లెక్క.

కొన్ని మందులకు బరువు మెట్లుంటాయి. ఉస్టెకినుమాబ్‌ను సోరియాసిస్‌కు 100 కిలోల వరకు 45, ఆపైన 90 మి.గ్రా. ఇస్తారు, క్రోన్స్‌కు నరంలోకి ఇచ్చే తొలి మోతాదు 55 కిలోల వరకు 260, 85 వరకు 390, ఆపైన 520 మి.గ్రా. మెట్టుకు దగ్గరగా ఉన్నవారు ఇంటి తూకాన్ని నమ్మకుండా ఆసుపత్రిలోనే చూపించుకోవాలి. టోసిలిజుమాబ్‌ను కీళ్లవాతానికి కిలోకు 8 మి.గ్రా. ఇచ్చినా ఒకసారికి 800 దాటనివ్వరు, కనుక 110 కిలోల వారికి గుణిస్తే వచ్చే 880 చెల్లదు.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కీళ్లవాతమున్న పిల్లలకు అడాలిముమాబ్ 30 కిలోల లోపు 20, అక్కడి నుంచి 40 మి.గ్రా.; బిడ్డ 30 కిలోలకు చేరినట్టు కనిపించగానే, ఇంట్లో మోతాదు మార్చకుండా, తర్వాతి ఇంజెక్షన్‌కు ముందే డాక్టరుకు తెలియజేయాలి.