హర్లింగ్ ఫైనల్స్ చరిత్రను పద్దు పుస్తకంలో రాసుకుంటూ చదవడం ఎలా

ఐర్లండులో ఏటా జరిగే ఆల్ ఐర్లండ్ హర్లింగ్ ఫైనల్ చరిత్రను తెలుసుకోవాలనుకునేవారు సాధారణంగా విజేతల జాబితాతో మొదలుపెడతారు. 1887 నుంచి 2025 వరకు పై నుంచి కిందికి చదివి, కౌంటీల్లో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కిల్కెన్నీ 36 సార్లు, కార్క్ 30 సార్లు, టిప్పరరీ 29 సార్లు గెలిచాయని గుర్తుపెట్టుకుని, చరిత్ర చేతికందిందని అనుకుంటారు. పర్లాకిమిడిలో మా వీధి పిల్లలకు ఈ ఆట గురించి చెప్పబోయి నేను కూడా మొదట ఆ జాబితానే చదివించాను. రెండో సాయంత్రానికే వాళ్ల చూపులు వీధి వైపు మళ్లాయి. అప్పుడు జాబితాను పక్కనపెట్టి, కిరాణా కొట్టులో అప్పులు రాసుకునే పొడుగాటి పద్దు పుస్తకం ఒకటి తెప్పించి, ఏడాదికి ఒక వరుస చొప్పున కాకుండా కౌంటీకి ఒక పేజీ చొప్పున రాయించాను. ఒక గెలుపుకూ మరో గెలుపుకూ మధ్య ఖాళీగా మిగిలిన గీతలు కంటికి కనిపించడం మొదలైన తరువాతే వాళ్లకు ఆ చరిత్ర పట్టుబడింది. ఆ పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఆట సంగతి కొంత తెలిసి ఉండాలి. 2018లోనూ 2023లోనూ ప్రపంచ కప్పుకు ఆతిథ్యమిచ్చిన ఒడిశాలో ఉంటున్న మనకు హాకీ కొత్త కాదు కనుక, హాకీతో పోల్చి చూస్తే హర్లింగ్ త్వరగా అర్థమవుతుంది. యాష్ చెట్టు కలపతో చేసిన, చివర వెడల్పుగా బల్లపరుపుగా ఉండే కర్రను హర్లీ అంటారు. తోలు కుట్టిన చిన్న బంతిని స్లిటర్ అంటారు. హాకీలో బంతి ఎక్కువగా నేల మీద నడిస్తే, ఇక్కడ గాలిలో ఎగురుతుంది. ఆటగాడు దాన్ని చేత్తో అందుకోవచ్చు, కర్ర చివర నిలబెట్టుకుని పరుగెత్తవచ్చు, గాలిలోకి ఎగరేసి దూరంగా కొట్టవచ్చు. జట్టుకు పదిహేనుమంది ఆడతారు. వీళ్లెవరికీ ఆట ఆడినందుకు జీతం ఉండదు. మామూలుగా ఎవరి కౌంటీకి వారే ఆడతారు. ఆటగాళ్లను వేలంలో కొనుక్కునే పోటీలు చూడడానికి అలవాటుపడిన మనం ఈ ఒక్క సంగతిని పుస్తకం మొదటి పేజీలోనే రాసుకోవాలి, ఎందుకంటే తరువాత వచ్చే ప్రతి ఎదురుచూపుకూ మూలం అక్కడే ఉంది. ఆటగాణ్ణి కొనలేని కౌంటీ తన ఊళ్లలో మంచి తరం పుట్టి పెరిగేదాకా ఆగవలసిందే.

రెండో పని, స్కోరు చదవడం నేర్చుకోవడం. దీన్ని తొందరపడి దాటవేయవద్దు. హెచ్ అక్షరంలా నిలబడిన గోలు స్తంభాల మధ్య అడ్డకర్ర ఉంటుంది. బంతి దాని కింద నుంచి వలలోకి వెళితే గోలు, విలువ మూడు. దాని పై నుంచి వెళితే పాయింటు, విలువ ఒకటి. గోలైతే ఆకుపచ్చ జెండా, పాయింటైతే తెల్ల జెండా ఊపుతారు. స్కోరు రాసేటప్పుడు ముందు గోల్స్, గీత పెట్టి తరువాత పాయింట్లు రాస్తారు. 2018లో లిమరిక్ 3-16, గాల్వే 2-18. మా దగ్గర తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి ఈ అంకెలు చూసి, పద్దెనిమిది పెద్దది కనుక గాల్వే గెలిచిందని రాశాడు. కొట్టివేయవద్దని చెప్పి, పక్కన కూడిక చేయించాను: మూడు మూళ్లు తొమ్మిది, పదహారు కలిపితే ఇరవై అయిదు, రెండు మూళ్లు ఆరు, పద్దెనిమిది కలిపితే ఇరవై నాలుగు. ఒక్క పాయింటుతో లిమరిక్ గెలిచింది. ఆ తప్పు, దాని పక్కన కూడిక ఇప్పటికీ ఆ పేజీలో అలాగే ఉన్నాయి. మీరు కూడా ప్రతి స్కోరు పక్కన మొత్తాన్ని విడిగా రాసుకోండి. 1939లో కార్క్ మూడు గోల్స్ చేసి కూడా రెండే గోల్స్ చేసిన కిల్కెన్నీ చేతిలో ఎందుకు ఓడిందో (2-7, 3-3), 2013లో ఒక్క గోలైనా లేని క్లేర్ 0-25తో కార్క్ 3-16ను ఎలా సమం చేసిందో ఆ కూడికే చెబుతుంది.

అయితే ఈ లెక్క మొదటి నుంచీ ఇలాగే లేదని గుర్తుంచుకోవాలి. తొలి రోజుల్లో ఒక్క గోలు ఎన్ని పాయింట్లకైనా మించినది. 1892లో దాని విలువను అయిదు పాయింట్లుగా నిర్ణయించారు. మూడు పాయింట్ల లెక్క 1896 నుంచి వచ్చింది. జట్టులో మనుషుల సంఖ్య కూడా 21 నుంచి 17కు, 1913లో 15కు తగ్గింది. ఆట సమయం చాలాకాలం అరవై నిమిషాలు, 1970 నుంచి 1974 వరకు ఎనభై, 1975 నుంచి డెబ్భై. అందువల్ల పాత స్కోర్లను కొత్త స్కోర్లతో పోల్చి, అప్పటివారికి కొట్టడం చేతకాదనుకోవడం పొరపాటు.

మూడో పని, ప్రతి ఫైనల్‌కూ రెండు తేదీలు రాసుకోవడం: అది ఏ ఏటి ఛాంపియన్‌షిప్ అన్నది ఒకటి, ఫైనల్ నిజంగా ఏ రోజున ఆడారన్నది మరొకటి. ఈ ఆటను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలోని థర్లస్ పట్టణంలో, ఒక హోటల్లో, మైకేల్ క్యూసాక్ మొదలైనవారి పూనికతో ఏర్పడింది. 1887 ఛాంపియన్‌షిప్ ఫైనల్ మాత్రం 1888 ఏప్రిల్ 1న బర్ అనే ఊళ్లో జరిగింది. ఏప్రిల్ 1 మన వైపు పిల్లలకు చెప్పనక్కరలేని తేదీ. 1936లో అదే రోజున ఒడిశా ఏర్పడింది. పర్లాకిమిడి జమీందారీలో మన పట్టణం ఇటు వచ్చి, మిగిలిన భాగం మద్రాసులో ఉండిపోయింది. ఉత్కళ దివస్ సెలవు గుర్తుంటే తొలి హర్లింగ్ ఫైనల్ తేదీ కూడా గుర్తుంటుంది. ఆ రోజున కౌంటీ పేరుతో ఆడినవి నిజానికి క్లబ్బు జట్లే: టిప్పరరీ తరఫున థర్లస్‌వారు, గాల్వే తరఫున మీలిక్‌వారు. టిప్పరరీ 1-1, గాల్వే 0-0. ఆ తరువాతి గీత మీద 1888 అని రాసి ఖాళీ వదలండి, ఎందుకంటే ఆటగాళ్లు, నిర్వాహకులు అమెరికా పర్యటనకు వెళ్లడంతో ఆ ఏటి పోటీ పూర్తికాలేదు. 1921 ఛాంపియన్‌షిప్ ఫైనల్ 1923 మార్చిలో గాని జరగలేదు. మధ్యలో స్వాతంత్ర్య పోరాటం, విభజన, అంతర్యుద్ధం ఆ దేశాన్ని చుట్టుముట్టాయి. రెండు తేదీల మధ్య దూరాన్ని చూస్తేనే ఆ రోజుల ఐర్లండు కళ్ల ముందుకు వస్తుంది.

ఇక అసలు పని. కౌంటీకి ఒక పేజీ తీసుకుని, ఎడమ అంచున ఏళ్లన్నీ వరుసగా రాసి, ఆ కౌంటీ గెలిచిన ఏళ్ల దగ్గర మాత్రమే స్కోరు రాయాలి. ఇప్పటివరకు గెలిచిన కౌంటీలు పన్నెండు, వాటికి తోడు లండన్. కిల్కెన్నీ, కార్క్, టిప్పరరీ పేజీలు కిక్కిరిసి ఉంటాయి. 138 ఛాంపియన్‌షిప్‌లలో 95 ఆ మూడింటివే. వాటిని తరువాత చదవవచ్చు, ముందు క్లేర్ పేజీ తెరవండి. 1914లో ఒక గెలుపు, ఆ తరువాత 1995 దాకా ఏమీ లేదు. ఎనభై ఖాళీ గీతలు. 1995లో క్లేర్ 1-13, ఆఫలీ 2-8; తేడా రెండే పాయింట్లు. 1914 గెలుపును చూసినవారి మనవలకు కూడా తలలు నెరిసే కాలం అది. లిమరిక్ పేజీలో 1973కూ 2018కీ మధ్య నలభై అయిదేళ్లున్నాయి. ఆ పేజీలోనే కిందికి దిగితే 2020 నుంచి 2023 దాకా వరుసగా నాలుగు గెలుపులు కనిపిస్తాయి. నాలుగేళ్లు వరుసగా గెలవడం కార్క్‌కు 1941 నుంచి 1944 వరకు, కిల్కెన్నీకి 2006 నుంచి 2009 వరకు కూడా సాధ్యమైంది. అయిదోది మాత్రం ఎవరికీ దక్కలేదు. 2010 ఫైనల్లో కిల్కెన్నీని టిప్పరరీ ఆపింది. వాటర్‌ఫర్డ్ పేజీలో 1948, 1959 అన్న రెండే గుర్తులుంటాయి. ఆ పేజీలో 2008, 2017, 2020 ఫైనల్స్‌ను ఎర్ర సిరాతో ఓటములుగా రాసుకోండి. ఓడిపోయిన ఫైనల్స్ రాయని పుస్తకం సగం చరిత్రే చెబుతుంది.

సరిహద్దు మీద బతికే మనం విడిగా చూడవలసిన పేజీలు మూడున్నాయి. ఒకటి యాంట్రిమ్. 1921లో ఐర్లండును రెండుగా విడదీసినప్పుడు యాంట్రిమ్ ఉత్తర ఐర్లండులోకి వెళ్లింది, కాని హర్లింగ్ ఛాంపియన్‌షిప్‌ను ఎవరూ విడదీయలేదు. 1943లో కార్క్ మీద, 1989లో టిప్పరరీ మీద యాంట్రిమ్ ఫైనల్ ఆడింది. రెండింటిలోనూ ఓడింది కనుక విజేతల జాబితాలో దాని పేరే కనిపించదు, అందుకే ఆ జాబితా చాలదని అంటున్నాను. పొద్దున ఆంధ్రలోని పాతపట్నం వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరే మనకు, రాష్ట్రం గీత ఒకచోట ఉండి మనుషుల మనసులోని ఊరు ఇంకోచోట ఉండడం ఎలాంటిదో తెలుసు.

రెండోది లండన్. 1901 ఛాంపియన్‌షిప్ ఫైనల్ 1903లో జరిగింది, పని వెతుక్కుంటూ సముద్రం దాటిన ఐరిష్‌వారి జట్టు 1-5, 0-4 తేడాతో కార్క్‌ను ఓడించింది. ఈనాడు విజేతకు ఇచ్చే కప్పు పేరు కూడా అలాంటి కుటుంబంలో, లండన్‌లోనే పుట్టిన లియమ్ మెకార్తీదే. ఆ కప్పును మొదట అందుకున్నది 1921 ఛాంపియన్‌షిప్ గెలిచిన లిమరిక్. 1992 నుంచి కొత్తగా చేయించిన నకలును ఇస్తున్నారు, అసలుది డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ మైదానం మ్యూజియంలో ఉంది.

మూడోది గాల్వే. 1923 తరువాత యాభై ఏడేళ్లకు, 1980లో లిమరిక్‌ను 2-15, 3-9 తేడాతో ఓడించినప్పుడు కెప్టెన్ జో కానలీ కప్పు అందుకుని ఐరిష్ భాషలో మాట్లాడాడు. ఇంగ్లండులో, అమెరికాలో ఉన్న గాల్వేవారిని కూడా తలుచుకున్నాడు. గంజాం నుంచి సూరత్ మిల్లులకు వెళ్లిన బంధువులున్న ఇంట్లో ఈ సంగతి చెప్పి చూడండి, వినేవారు ఎవరూ పక్కకు చూడరు. బడిలో ఒక భాష, ఇంట్లో మరో భాషగా పెరిగిన మా పిల్లలు ఆ ప్రసంగాన్ని రెండోసారి చెప్పించుకున్నారు.

పేజీలన్నీ పూర్తయ్యాక, విడిగా రాసుకోవలసిన ఫైనల్స్ కొన్నింటిని పుస్తకం చివర ఎంచుకోండి. పది దాటితే మనసు నిలవదు. నా లెక్కలో మొదటిది 1931. కార్క్, కిల్కెన్నీ మొదటిసారి 1-6తో, రెండోసారి 2-5తో సమానంగా నిలిచాయి. మూడోసారి ఆడితే గాని కార్క్ 5-8, 3-4తో గెలవలేదు. తరువాత 1939 సెప్టెంబరు 3. జర్మనీ మీద బ్రిటన్ యుద్ధం ప్రకటించిన రోజునే, ఉరుములు మెరుపుల మధ్య ఆ ఫైనల్ జరిగింది. తరువాత 1954. కార్క్, వెక్స్‌ఫర్డ్ ఆట చూడడానికి 84,856 మంది వచ్చారు. హర్లింగ్ ఫైనల్‌కు అంతకుమించిన జనం మళ్లీ రాలేదు. ఆ గెలుపుతో కార్క్ ఆటగాడు క్రిస్టీ రింగ్‌కు ఎనిమిదో పతకం దక్కింది. రెండేళ్ల తరువాత 1956లో అదే వెక్స్‌ఫర్డ్ 2-14, 2-8తో కార్క్‌ను ఓడించి రింగ్‌కు తొమ్మిదోది దక్కకుండా చేసింది. ఈ రెండు ఫైనల్స్‌ను ఎదురెదురు పేజీల్లో రాయాలి.

చివరిగా, ఒక కొత్త ఫైనల్‌ను ప్రత్యక్షంగా చూస్తూ రాసుకోవాలి. చాలాకాలం సెప్టెంబరులో జరిగిన ఈ ఆట 2022 నుంచి జూలైలో జరుగుతోంది. 2025 జూలై 20న అక్కడ మధ్యాహ్నం మూడున్నరకు మొదలైంది, అంటే మనకు రాత్రి ఎనిమిది. పుస్తకంలో పేజీని నిలువుగా రెండుగా మడిచి, మొదటి సగాన్ని ఎడమవైపు, రెండో సగాన్ని కుడివైపు రాసుకోవడం మంచిది. ఆ రోజు ఎడమవైపు కార్క్ 1-16, టిప్పరరీ 0-13, అంటే కార్క్ ఆరు పాయింట్ల ముందంజ. కుడివైపు కార్క్ కింద రెండే రెండు పాయింట్లు. టిప్పరరీ కింద 3-14. మొత్తం మీద టిప్పరరీ 3-27, కార్క్ 1-18. ఆ ముందటి ఏడు కూడా కార్క్, అదనపు సమయం దాకా సాగిన ఫైనల్లో, క్లేర్ చేతిలో 1-34, 3-29తో ఒక్క పాయింటు తేడాలో ఓడింది. ముప్ఫై గెలుపులున్న కార్క్ పేజీలో ఆఖరి గుర్తు 2005 దగ్గరే ఆగి ఉంది. దాని కింద ఖాళీ గీతలను కొట్టివేయకుండా, వాటికి ఎదురుగా ఏళ్లు మాత్రం వేసి ఉంచండి.